దూరప్రయాణానికి తక్కువ ధరలో ఇయర్‌ఫోన్లు ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే న్యూఢిల్లీలో దిగేసరికి ఒక రోజు దాటిపోతుంది. అంతసేపు పాటలు వినడానికి వేలు పోయనక్కరలేదు, వెయ్యి రూపాయల లోపే మంచి ఇయర్‌ఫోన్లు దొరుకుతాయి. అయితే రైలు చప్పుడులో గంటల తరబడి పెట్టుకున్నా చెవి నొప్పి పుట్టకుండా ఉండాలి. కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

1. మీ ఫోనును పరిశీలించండి

గుండ్రటి 3.5 మి.మీ. రంధ్రం ఉంటే వైరు ఉన్నవే తీసుకోండి. వాటికి ఛార్జింగ్ బెడద లేదు. ఆ రంధ్రం లేకపోతే టైప్-సి పిన్ను ఉన్నవి వెతకండి. వైరు ఇయర్‌ఫోన్లను టైప్-సి రంధ్రానికి కలిపే కన్వర్టర్ కొంటున్నారా? పిన్ను పట్టినంత మాత్రాన పాట రాదు, మీ ఫోనుకు పెట్టి విన్నాకే డబ్బు ఇవ్వండి.

2. వైర్‌లెస్ కావాలంటే నెక్‌బ్యాండ్

చిన్న బడ్స్ చెవిలో ఉండగా సాధారణంగా నాలుగైదు గంటలకే డీలాపడతాయి. పెట్టె మీద వేసే 40 గంటల లెక్కలో కేసులోని ఛార్జింగ్ కూడా కలిసే ఉంటుంది. పై బెర్తులో నిద్రపోతుండగా ఒకటి జారిపడితే చీకట్లో ఎక్కడ వెతుకుతారు? నెక్‌బ్యాండ్ మెడలోనే ఉంటుంది, ఒక్క ఛార్జింగ్‌తో ఎక్కువసేపు వస్తుంది.

3. చెవిలో పెట్టి చూడండి

తొందరపడకూడనిది ఇక్కడే. పెట్టెలో మూడు సైజుల రబ్బరు బుడిపెలు ఇస్తారు. అందరికీ మధ్య సైజే సరిపోదు, కొందరికి కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి కావాలి. పాట పెట్టకుండానే చెవిలో పెట్టుకోండి. చుట్టూ ఉన్న సందడి ఒక్కసారిగా తగ్గితే అది మీ సైజు. వదులుగా ఉంటే తబలా, మృదంగం నాదం పలచబడుతుంది, రైలు మోత లోపలికి వస్తుంది, మీరు శబ్దం పెంచుతూ పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి పెంచితే వారమంతటికీ 4 గంటలే. అంటే ఆ శబ్దంతో వింటే నాగపూర్ రాకముందే వారం కోటా అయిపోతుంది.

నాయిస్ క్యాన్సలింగ్ అన్న మాటకు ఈ ధరలో అదనంగా ఖర్చు పెట్టవద్దు. అది ఏసీ హోరులాంటి ఎడతెగని మోతను తగ్గిస్తుంది కానీ పక్క సీటు మాటలను అంతగా ఆపలేదు.

4. ఛార్జింగ్, పాటలు

కొన్ని రైళ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేస్తారు. కాబట్టి 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు దగ్గర పెట్టుకోండి. విమానంలో దాన్ని చేతి సంచిలోనే ఉంచాలి. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు వైరు ఇయర్‌ఫోన్లే ఇచ్చి పంపండి, సీటు ముందుండే తెరలు చాలావాటికి బ్లూటూత్ కలవదు.

అడవుల్లో సిగ్నల్ ఉండదు, పాటలు ముందే దించుకోండి. 128 కేబీపీఎస్ నాణ్యతలో దించుకున్న పాట నిమిషానికి దాదాపు ఒక ఎంబీ తీసుకుంటుంది, ఒక జీబీలో సుమారు 200 పాటలు పడతాయి.

స్పీకరు మాత్రం ఇంట్లోనే ఉంచండి. కింది బెర్తులో ఎవరి అమ్మమ్మో నిద్రపోతూ ఉంటుంది.

5. ఇంట్లో పరీక్ష

ప్రయాణానికి వారం ముందే కొనండి, మార్చుకునే గడువెంతో అప్పుడే అడగండి. దిండు మీద పక్కకు తిరిగి పడుకుని రెండు గంటలు వినండి. చెవి నొక్కుకుపోతే ఆ గడువులోగా మార్చుకోండి.