బావి లాగ్‌లతో ఇసుకరాయి మ్యాప్ గీయడం ఎలా?

తిరుపతిలో జియాలజీ పిల్లల చేతికి లాగ్‌లు (చమురు బావిలో లోతు వెంబడి రాళ్ల గుణాల్ని కొలిచి గీసిన గీతలు) ఇస్తే చాలు, రెండు బావుల్లో ఒకే లోతున కనిపించిన ఇసుకల్ని టకామని గీతతో కలిపేస్తారు. వాటిని దిద్ది దిద్ది విసుగొచ్చి ఇది రాస్తున్నాను. అన్నట్టు, చమురు రిపోర్టుల్లో వచ్చే ‘తిరుపతి ఇసుకరాయి’ మన కొండది కాదు, కృష్ణా-గోదావరి బేసిన్‌ది. మన తిరుమల కొండ క్వార్ట్‌జైట్, అంటే బాగా గట్టిపడి రంధ్రాలు మూసుకుపోయిన ఇసుకరాయి. అక్కడ చమురు వెతక్కండి.

గామా (రాయి సహజ రేడియోధార్మికత), రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధం), డెన్సిటీ (సాంద్రత), న్యూట్రాన్ (రాయిలో హైడ్రోజన్ ఎంతుందో) లాగ్‌లు 1:500 స్కేల్లో ప్రింట్ తీసుకోండి. రంగు పెన్సిళ్లు ఉండాలి. లోతుల్ని సముద్రమట్టం నుంచి కొలిచినట్టు మార్చుకోండి. బావి ఏటవాలుగా తవ్వి ఉంటే ముందు నిలువు లోతు తీయండి.

గామా గీత షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) దగ్గర కుడికి, శుభ్రమైన ఇసుక దగ్గర ఎడమకి జరుగుతుంది. మధ్యలో కటాఫ్ (ఇసుకకీ షేల్‌కీ హద్దు గీత) పెట్టి ఎడమవైపు పసుపు పూయండి. పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్, మైకా ఖనిజాలు ఎక్కువున్న ఇసుక గామాలో షేల్‌లా కనిపించి మోసం చేస్తుంది. అనుమానం వస్తే డెన్సిటీ, న్యూట్రాన్ చూడండి. షేల్‌లో ఆ రెండు గీతలూ బాగా విడిపోతాయి, ఇసుకలో దగ్గరవుతాయి, గ్యాస్ ఉంటే ఒకదాన్నొకటి దాటేస్తాయి.

అసలు కష్టం ఇప్పుడు. ఇసుకని కలపకండి, షేల్‌ని కలపండి. నది కాలువలో పడిన ఇసుక కొన్ని వందల మీటర్లకే అయిపోవచ్చు. సముద్రం ముందుకొచ్చినప్పుడు పరుచుకున్న షేల్ మాత్రం చాలా దూరం సాగుతుంది. గామా బాగా ఎగిసిన అలాంటి షేల్‌ని ప్రతి బావిలో పట్టుకుని, లాగ్‌లన్నీ దాని దగ్గర సమం చేసి నేల మీద పరవండి. ఫ్యాన్ ఆపేయండి. మే నెల తిరుపతి ఎండలోనూ నేను ఆపే చేస్తాను, లేకపోతే కాగితాలు ఎగిరిపోతాయి. ఒక లాగ్‌ని పక్కదాని మీద మెల్లగా జరుపుతూ గీతల ఆకారం పోల్చండి. మధ్యలో ఒక ముక్క మాయమైతే ఫాల్ట్ (రాతిపొరలు తెగి జరిగిన చోటు) అయ్యుండొచ్చు. మూడు బావులు చుట్టి మొదటి బావికి వచ్చేసరికి బయల్దేరిన గీత మీదే పడాలి. పడలేదా, మళ్లీ మొదలుపెట్టండి. ఒకప్పుడు నేనూ అచ్చం ఒకేలా ఉన్న రెండు ఇసుకల్ని ఈ పరీక్ష లేకుండా కలిపాను. మధ్యలో తవ్విన బావిలో అంతా షేలే.

తర్వాత ఒక్కో బావిలో పసుపు మందం కూడి, మ్యాప్‌లో ఆ బావి పక్కన రాసి, కాంటూర్లు (ఒకే మందం ఉన్న చోట్లని కలిపే గీతలు) చేత్తోనే గీయండి. కంప్యూటర్‌కి వదిలేస్తే ఒక్కో బావి చుట్టూ గుండ్రటి కళ్లు గీసిపెడుతుంది. ఇసుక లేని బావి మీదుగా సున్నా గీత వేయకండి, ఇసుక అంతకు ముందే ఎక్కడో అయిపోయి ఉంటుంది.