చారిత్రక నవల ఆగిపోయిందా? ఎక్కడ ఆగిందో చూసి మందు వేయండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు కలం పట్టినవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు చరిత్ర మీద నవల రాయాలనిపిస్తుంది. అనిపించక ఏం చేస్తుంది? బొబ్బిలి ఉంది, పక్కనే పద్మనాభం ఉంది, ముఖలింగంలో గాంగరాజుల శాసనాలున్నాయి. మొదటి నాలుగు అధ్యాయాలు ఊపులో అయిపోతాయి. ఆ తర్వాత ఏదో ఒకచోట బండి ఆగుతుంది. ఆగిన చోటును బట్టే రోగం తెలుస్తుంది కాబట్టి ముందు లక్షణం, తర్వాత కారణం, ఆ తర్వాత చేయాల్సిన పని రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా 1757 నాటి బొబ్బిలి యుద్ధం నుంచే. విజయనగరం రాజు విజయరామరాజు, బుస్సీ నడిపిన ఫ్రెంచి సేనతో కలిసి, రంగారావు ఏలుతున్న బొబ్బిలి కోట మీద పడ్డ యుద్ధం అది. మిగతా కథ అందరికీ తెలుసు, మళ్లీ మొదటినుంచీ చెప్పక్కర్లేదు.

చదువుతూనే ఉన్నారు, రాయడం మొదలవలేదు

బీరువా నిండా జిరాక్సులు. ఫోన్ నిండా శాసనాల ఫొటోలు, పాత గెజిటీర్ల పీడీఎఫ్‌లు. నవల మాత్రం "తూరుపు తెల్లవారుతోంది" అన్న వాక్యం దగ్గరే ఉంది.

కారణం: అంతా తెలిశాక రాద్దామనుకోవడం. అంతా తెలియడం అనేది జరిగే పని కాదు. పైగా చదువుతున్నంతసేపూ పని చేస్తున్నట్టే అనిపిస్తుంది, టెన్షన్ ఉండదు. అందుకే ఈ రోగం ఏళ్ల తరబడి బయటపడదు.

పరిష్కారం: ముందు సీను రాసేయండి. తెలియని చోట ఆగకుండా బ్రాకెట్లో ప్రశ్న పెట్టి ముందుకెళ్లండి. [దివిటీకి ఏ నూనె?] [డేరా లోపల నేల మీద ఏం పరుస్తారు?] సీను అయ్యాక ఆ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించి, అప్పుడు లైబ్రరీకి వెళ్లండి. ప్రశ్న చేతిలో ఉన్నవాడికి గెజిటీరు గంటలో పని చేసిపెడుతుంది. లేనివాడికి అదొక సముద్రం. సగం ప్రశ్నలకి జవాబు అవసరమే లేదని కూడా అప్పుడే తెలుస్తుంది.

పాత్రలు ఒకరికొకరు పాఠం చెప్పుకుంటున్నాయి

"మంత్రీ! నాలుగేళ్ల కిందట సలాబత్ జంగు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కార్లను ఫ్రెంచివారికి ఇచ్చినాడు కదా!" అంటాడు రాజుగారు. 1753లో నిజాం సలాబత్ జంగు అలా ఇచ్చిన మాట నిజమే. కానీ మంత్రికి తెలియదా? రాజుగారు ఎవరికి చెప్తున్నట్టు?

కష్టపడి సంపాదించిన సమాచారాన్ని వదులుకోలేకపోవడమే దీనికి కారణం. పరిష్కారం ఒకటే: సమాచారం ఎవరికో అవసరమైనప్పుడే బయటికి రావాలి. పై సంగతంతా పొలం గట్టు మీద రైతుకీ కరణానికీ మధ్య రెండు ముక్కల్లో అయిపోతుంది.

"ఈ ఏడు శిస్తు ఎవులికి కట్టాలి బాబూ?"

"ఎవడు ముందొస్తే వాడికి."

ఫ్రెంచివాళ్ల పేరు లేదు, సంవత్సరం లేదు. అయినా ఆ ఊరి పరిస్థితి పాఠకుడికి అర్థమైంది. మిగతాది వెనకాల ఎప్పుడో తెలిసినా నష్టం లేదు.

ఒక ఆధారం ఇంకోదానితో పొసగడం లేదు

చాలామంది ఇక్కడే కలం కింద పెట్టేస్తారు. బొబ్బిలి విషయంలో తగువు ఎంత పెద్దదో చూడండి. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసినదాంట్లో, జనవరి 24న కోట పడిపోయాక రంగారావు సైనికులు నలుగురు ఎవరూ వెళ్లని ఒక బురుజులో దాక్కుంటారు. ఇద్దరు గోడ దిగి, అందరిదీ ఒకే భాష కావడం వల్ల విజయరామరాజు మనుషుల మధ్య నుంచే అనుమానం రాకుండా దాటిపోతారు. మూడో రాత్రి ఆయన డేరాలోకి చొరబడి పొడుస్తారు. మన బుర్రకథల్లో ఆ పని చేసింది ఒక్కడే, రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు. వైరానికి కారణం దగ్గరా అంతే. ఆర్మ్ పొలిమేర వాగుల నీళ్ల తగువు గురించి రాస్తాడు. జనం మాత్రం కోడిపందేల దగ్గర మొదలుపెడతారు.

ఏది నిజమో తేల్చేదాకా కదలకూడదనుకోవడం చరిత్రకారుడికి ఉండాల్సిన పట్టుదల. నవలాకారుడికి అదే సంకెల. ఇంకొందరు రెండు కథలనీ కలిపేసి, పాపారాయుడి వెంట ముగ్గుర్ని పంపి, తగువు తీర్చేశామనుకుంటారు. అలా చేస్తే రెండు కథల బలమూ పోతుంది.

మరేం చేయాలి? ప్రతి ఆధారమూ ఎవరో కొందరికి తెలిసిన సంగతి. ఫ్రెంచి డేరాల్లో ఉన్నవాళ్లకి పొద్దున్న తెలిసేది, "ఎవరో వచ్చారు, పని అయిపోయింది" అని. రాజాంలో ఉన్నవాళ్లకి ఆ చెయ్యి ఎవరిదో పేరుతో సహా తెలుసు. మీ సీను ఎవరి కళ్లలోంచి నడుస్తోందో తేల్చుకుంటే ఏ ఆధారం వాడాలో అదే చెప్తుంది. ఇంకా మంచి దారి, తగువునే సీనుగా రాయడం. హత్య జరిగిన మర్నాడు పొద్దున్న ఆ దండులో కావలివాడొకటి చెప్తాడు, వంటవాడొకటి చెప్తాడు, అక్కడే ఉన్న దుబాసీ, అంటే దొరలకి మన మాట వాళ్ల భాషలో చెప్పేవాడు, దొరకి ఇంకొకటి చెప్తాడు. ఆర్మ్ పుస్తకంలోకి చేరింది ఎవరి మాట అయివుంటుందో పాఠకుడే ఊహించుకుంటాడు. ఆయన కంపెనీ మనిషి, ఫ్రెంచివాళ్లు కంపెనీకి పోటీదార్లు. బుస్సీ గురించి ఆయన రాసిన ప్రతి వాక్యం పక్కనా ఈ సంగతి పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.

నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకోవడం మంచి అలవాటు: రికార్డులో ఉన్నది, జనం చెప్పుకునేది, నేను కల్పించింది. రెండేళ్ల తర్వాత మీ కల్పనే మీకు చరిత్రలా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు ఈ గడులే గతి.

పాఠకుడు తప్పు పట్టుకుంటున్నాడు

మన వైపు పాఠకులకి ఇదొక సరదా. పట్టుకోనివ్వండి, కానీ సులువుగా మాత్రం వద్దు.

కారణం మీ అజ్ఞానం కాదు, మీ అలవాటు. తెలియని విషయాన్ని ఎవరైనా వెతుకుతారు. తెలుసనుకున్నదాన్ని వెతకరు. అందుకే ఫిరంగి గురించి రాసిన పేరా సరిగ్గా ఉంటుంది, పక్కనే ఉన్న పులుసు తప్పుతుంది. 1078లో పట్టం కట్టుకున్న గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడి వంటింట్లో ఎండుమిరపకాయ వేగిందంటే నవల అక్కడే అయిపోయింది. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ల తర్వాతే వచ్చింది. ముఖలింగం కథకి మిరియాలు, అల్లం, చింతపండు, నువ్వుల నూనె చాలు. టమాటా, బంగాళదుంప, వేరుశనగ, ఆఖరికి పలాస జీడిపప్పు కూడా అప్పటికి సముద్రానికి అవతలే ఉన్నాయి. 1757కి వస్తే మిరపకాయ హాయిగా వేసుకోండి.

జిల్లాల పేర్లు ఇంకో గొయ్యి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. మన కళ్ల ముందే, 2022లో, రాజాం ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి మారింది. అలాంటిది 1757 పాత్ర నోట "మా జిల్లా" అనిపిస్తే ఎలా? సర్కారు, పరగణా, జమీ. అంతే. కాలం కూడా గంటల్లో కాదు, జాముల్లో, గడియల్లో నడవాలి. జాము అంటే మన మూడు గంటలు, గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఇవాళ విజయనగరం నుంచి బొబ్బిలికి బస్సెక్కితే పూటలో వెళ్లి వచ్చేయొచ్చు. ఫిరంగుల్ని ఎడ్లతో లాగించే దండుకి అది రోజుల ప్రయాణం. ఆ రోజుల్లో కబురు ముందు వెళ్తుంది, దండు తర్వాత వెళ్తుంది. ఆ మధ్య కాలంలోనే మీకు రెండు మంచి అధ్యాయాలున్నాయి.

కోట అనగానే సినిమా రాతికోట కళ్లముందుకొస్తుంది. ఆనాటి బొబ్బిలి కోటవి మట్టిగోడలు, చుట్టూ దట్టమైన పొదల కంచె. ఫిరంగి గుండు రాతిని తాకినప్పటి చప్పుడు వేరు, తడిపి మెత్తిన మట్టిని తాకినప్పటి చప్పుడు వేరు. "రాళ్లు ఎగిరిపడ్డాయి" అని రాసేముందు ఇది చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది పాత పంచాంగం. దాన్ని వాడే నవలాకారులు తక్కువ. 1757 జనవరి 24 సోమవారం. ధాత నామ సంవత్సరం, మాఘ శుద్ధం మొదలై నాలుగైదు రోజులైంది. ఈ ఒక్క వివరంతో ఎంత తెలుస్తుందో చూడండి. సంక్రాంతి వెళ్లి రెండు వారాలే. కోతలు అయిపోయాయి, పొలాలు ఎండి ఉన్నాయి కాబట్టి బళ్లు దిగబడవు. దండు ఆ కాలంలో కదలడానికి అదొక వీలు. ఇళ్లలో కొత్త బియ్యం ఉన్నాయి. తెల్లవారుజామున మంచు ఉంటుంది. ముట్టడికి ముందు రాత్రి "పండు వెన్నెల కోట మీద పరుచుకుంది" అని రాయడానికి వీల్లేదు, సన్నటి నెలవంక రాత్రి మొదట్లోనే దిగిపోతుంది. విజయరామరాజు చనిపోయిన రాత్రికి చంద్రుడు సగానికి వచ్చి ఉంటాడు, అర్ధరాత్రి అటూ ఇటూగా అస్తమిస్తాడు. డేరాలోకి దూరినవాళ్లు చంద్రుడు దిగేదాకా పొదల్లో కూర్చున్నారని మీరు రాసుకోవచ్చు. అది కల్పనే, కానీ ఆకాశం ఒప్పుకునే కల్పన.

మాటలు ఆడినట్టు లేవు

ఇందులో రెండు రకాలు. ఒకటి, అందరూ "ఏమంటివి ఏమంటివి" ధోరణిలో మాట్లాడటం. రెండు, అందరూ నిన్న సాయంత్రం కోట జంక్షన్‌లో టీ తాగుతూ మాట్లాడుకున్నట్టు ఉండటం. మొదటిదానికి కారణం పాత సినిమా దర్బారు, రెండోదానికి కారణం దానిమీద విసుగు.

ఆనాటి మాట మనకి రికార్డింగుల్లో దొరకదు. అయినా దగ్గరికి వెళ్లడానికి దారులున్నాయి. 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో విజయనగరం మనుషులు కులాన్ని బట్టి, చదువుని బట్టి, అవసరాన్ని బట్టి ఎన్ని రకాలుగా మాట్లాడతారో వినిపిస్తుంది. అది బొబ్బిలి కాలం మాట కాదు, కానీ మనకన్నా నూరేళ్లకి పైగా దగ్గర. పల్లె మాట కోసం శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయానికి వెళ్లి ఉత్తరాంధ్ర పాత కథకుల్ని చదవండి. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు శాసనాల లిపి సొంతంగా నేర్చుకున్నారు, సవరల భాష కోసం సవరల దగ్గరే కూర్చున్నారు. చెవి అలా తయారవుతుంది.

కొలువులో ఉన్నవాళ్ల నోట సనదు, పేష్కషు, ఫౌజుదారు, దుబాసీ లాంటి మాటలు వాటంతటవే వస్తాయి, అవి ఆనాటి ఆఫీసు భాష. పల్లెవాళ్ల నోట యాస ఉండాలి, అయితే ప్రతి మాటనీ విరిచి రాయకండి. "ఏటి సేస్తాం బాబూ" అని ఒకసారి రాస్తే పాఠకుడి చెవి తెరుచుకుంటుంది, ఆ తర్వాత వాక్యం నడక చాలు. పదేపదే "సేసినాడు, సూసినాడు" అని రాస్తే వెక్కిరిస్తున్నట్టుంటుంది. మన యాసని నవ్వుల కోసమే వాడే సినిమాలు మనకి ఇప్పటికే సరిపడా ఉన్నాయి.

ఒక పక్క దేవుళ్లు, ఇంకో పక్క రాక్షసులు

బొబ్బిలివాళ్లు రాస్తే విజయరామరాజు రాక్షసుడు. విజయనగరం వాళ్లు రాస్తే అధ్యాయం మధ్యలో ఏదో ఇబ్బంది, గొంతు సవరించుకోవడం. రెండు ఊళ్లలోనూ ఇది ఇప్పటికీ పౌరుషం సంగతే, నేనేమీ కాదనను.

కానీ కారణం ఊరి అభిమానం ఒక్కటే కాదు. జరగబోయేది రచయితకి తెలుసు, పాత్రలకి తెలియదు. నా లెక్కలో చారిత్రక నవలకి వచ్చే రోగాల్లో ముప్పాతిక దీని పిల్లలే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, విజయరామరాజు తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజు ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచి ఫ్రెంచివాళ్లని ఓడిస్తాడని మీకు తెలుసు. 1794 జూలై 10న అదే ఇంగ్లీషువాళ్ల సేన చేతుల్లో తర్వాతి విజయనగరం రాజు చిన్న విజయరామరాజు పద్మనాభం దగ్గర ప్రాణం వదులుతాడనీ తెలుసు. 1757లో ఎవరికీ తెలియదు. ఆ జనవరిలో ఒక పాత్ర నిట్టూర్చి "ఈ తెల్లవాళ్లు రేపు మనందర్నీ బానిసల్ని చేస్తారు" అన్నాడంటే, అతను మీ స్కూలు పాఠం చదివి వచ్చాడన్నమాట.

పరిష్కారం: ప్రతి సీనుకి ముందు ఒక చీటీ రాసుకోండి. ఈ మనిషికి ఈ పొద్దున్న ఏం తెలుసు, ఏం తప్పుగా తెలుసు, దేనికి భయపడుతున్నాడు? విజయరామరాజు చీటీలో "ఇంకా మూడు రోజులే బతుకుతాను" అని ఉండదు. బుస్సీ సేన తనకి దక్కిన అవకాశం అనే ఉంటుంది. రంగారావు చీటీలో "ఈ రాత్రికి ఆడవాళ్లని ఏం చేయాలి" అన్నది ఏ ఘడియలో చేరిందో కనిపెట్టండి. నవల అక్కడుంది.

ముగింపు అందరికీ తెలుసు, మధ్యలో చల్లబడింది

ఇది త్వరగా కుదిరే రోగం. రాజుల ప్రాణాలు ఏమవుతాయో తెలుసు కాబట్టి సస్పెన్సు వాళ్ల మీద నిలవదు. చరిత్ర పేరు రాయని మనిషి మీద పెట్టండి. దండుకి బట్టలుతికే చాకలామె, కోటలో ఉన్న ఆమె తమ్ముడు. బోయీలు, వంటవాళ్లు, లేఖలు చదివిపెట్టే దుబాసీ దగ్గరి కుర్రాడు. వాళ్లు బతుకుతారో లేదో ఏ గెజిటీరూ చెప్పలేదు.

అచ్చుకి ముందు

పుస్తకం చివర ఒక పేజీ కేటాయించి ఏది రికార్డు, ఏది జనం మాట, ఏది మీ కల్పన అన్నది చెప్పేయండి. మూడు గడుల నోట్‌బుక్ ఉంది కాబట్టి ఒక్క సాయంత్రం పని. రాతప్రతిని చరిత్ర ప్రొఫెసర్‌కి ఇచ్చే ముందు ఆ ప్రాంతంలో వ్యవసాయం చేసిన పెద్దాయనెవరికైనా చదివి వినిపించండి. ప్రొఫెసర్ గారు సంవత్సరాలు సరిచేస్తారు. మాఘంలో ఇప్పచెట్టు పూయదని చెప్పేది మాత్రం ఈయనే.