ఓడ గ్యాలీలో కొత్తగా చేరే మెస్‌మ్యాన్ తెలుసుకోవలసినవి

సరుకు ఓడ మీద వంటశాలను గ్యాలీ అంటారు. ఇరవై, ఇరవై ఐదు మంది సిబ్బంది ఉండే ఓడలో దాన్ని నడిపేది సాధారణంగా ఇద్దరే. వంట బాధ్యత చీఫ్ కుక్‌ది. కూరగాయలు తరగడం, వడ్డించడం, గిన్నెలు కడగడం, మెస్ రూములను, అంటే భోజనాల గదులను శుభ్రంగా ఉంచడం మెస్‌మ్యాన్ పని. కేటరింగ్ చదివి ఓడ ఎక్కే మన కుర్రాళ్లలో చాలామంది మొదట చేరేది ఈ ఉద్యోగంలోనే. హోటల్లో పని నేర్చినవారికి వంట కొత్త కాదు గానీ, ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్, భారత దేశాలవాళ్లకు ఒకే పొయ్యి మీద, నెలల తరబడి, ఇది నచ్చకపోతే తినడానికి మరో చోటు లేని పరిస్థితిలో వండిపెట్టడం మాత్రం పూర్తిగా కొత్త.

ముందుగా కాగితాల సంగతి. ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ప్రాథమిక భద్రతా కోర్సులు, ఇండోస్ నంబరు (భారత నావికుల నమోదు సంఖ్య), సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), వైద్య ధ్రువపత్రం, పాస్‌పోర్టు సిద్ధంగా ఉండాలి. ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్, అంటే నావికులను ఉద్యోగాల్లో చేర్చే లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ నౌకాయాన శాఖ అయిన డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం, అంటే ఎమ్‌ఎల్‌సీ, స్పష్టంగా చెబుతోంది; దాన్ని భారత్ కూడా 2015లో ఆమోదించింది. లక్షలు అడిగే దళారి ఎంత దగ్గరి చుట్టమైనా అతనితో బేరం పెట్టుకోకండి.

ఓడ మీద రోజంతా వాచ్‌ల, అంటే డ్యూటీ వంతుల చుట్టూ తిరుగుతుంది. నాలుగేసి గంటల చొప్పున 12–4, 4–8, 8–12 అని మూడు వాచ్‌లు ఉంటాయి, మధ్యాహ్నమూ రాత్రీ అవే మళ్లీ వస్తాయి. పన్నెండింటికి బ్రిడ్జి (ఓడను నడిపే పై గది) మీదికి వెళ్లేవారు పదకొండున్నరకే తినాలి. వాళ్లు పైకి వెళ్లిన తర్వాతే ఉదయం వాచ్ చేసినవాళ్లు కిందికి దిగుతారు. అందుకే 12 గంటల భోజనం అంటే 11:30కి అన్నం, కూర, సూప్ వేడిగా బల్ల మీద ఉండాలని అర్థం చేసుకోవాలి. పడమటికి సాగే ఓడలో గడియారాన్ని వెనక్కి, తూర్పుకు సాగే ఓడలో ముందుకు, చాలావరకు రాత్రిపూట గంట చొప్పున జరుపుతారు. ముందుకు జరిపిన రాత్రి మీ నిద్రలో గంట పోతుంది గానీ ఉదయం ఏడున్నర టిఫిన్ మాత్రం ఆగదు. పడుకునే ముందు నోటీసు బోర్డు చూసే అలవాటు చేసుకోండి.

గ్యాలీ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రుచికి సంబంధించినవి కావు, వాటాకు సంబంధించినవి. ముందు వచ్చినవారు మాంసం ముక్కలన్నీ ఏరి వేసుకుంటే, వాచ్ దిగి వచ్చినవాడికి గ్రేవీ మిగులుతుంది, ఆ కోపం వారం రోజులు పోదు. చికెన్ వండిన రోజు మనిషికి ఎన్ని ముక్కలో చీఫ్ కుక్‌ను అడిగి, వాచ్‌లో ఉన్నవారి వాటాను ముందే వేరే పళ్లెంలో తీసి, మూత పెట్టి, పేరు రాసి ఉంచండి. అర్ధరాత్రి వాచ్‌వాళ్ల కోసం ఫ్రిజ్‌లో పెట్టేదానికీ ఇదే పద్ధతి.

ఇక తిండి అలవాట్లు. ఫిలిప్పీన్స్‌వాళ్లకు మూడు పూటలా అన్నం కావాలి. రాత్రి మిగిలిన అన్నాన్ని వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే, ఉదయం వెల్లుల్లి వేసి వేయించి గుడ్డుతో పెట్టవచ్చు. వారి సినిగాంగ్ అనే పుల్లటి సూప్‌ను చింతపండుతో కాస్తారు కనుక మన పులుసు తిన్న నాలుకకు అది పరాయిగా అనిపించదు. ఉక్రెయిన్‌వాళ్లకు మధ్యాహ్నం ముందు సూప్, పక్కన బ్రెడ్ లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. మనవాళ్లకు పప్పు, చపాతీ, ఊరగాయ ఉంటే చాలు. కారం విషయంలో మన చేతిని మనమే పట్టుకోవాలి: కూరలో తక్కువ వేసి, పచ్చిమిర్చి, కారప్పొడి విడిగా బల్ల మీద పెట్టడమే అందరికీ న్యాయం.

మత నియమాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆహారం వండేటప్పుడు సిబ్బంది మతాన్ని, ఆచారాలను లెక్కలోకి తీసుకోవాలని ఎమ్‌ఎల్‌సీ కూడా చెబుతోంది. పంది మాంసం వేయించిన నూనెలో చేప వేయించి ముస్లిం సహోద్యోగికి పెట్టకూడదు. బీఫ్ కూరలో తిప్పిన గరిటెను పప్పులో ముంచకూడదు. ఇందులో ఏముంది అని ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒకసారి అబద్ధం బయటపడితే ఆ కాంట్రాక్టు పూర్తయ్యేదాకా మీ మాటను ఎవరూ నమ్మరు.

సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున వంట తీరే మారుతుంది. పొయ్యి చుట్టూ ఉండే ఇనుప కడ్డీలను బిగించి, గిన్నెలను సగానికి మించి నింపకుండా వండాలి. ఫ్రయ్యర్‌ను ఆపేయాలి, మరిగే నూనె ఒలికితే కాలిన గాయానికి దగ్గరలో ఆసుపత్రి ఉండదు. మెస్ బల్ల మీద తడి గుడ్డ పరిస్తే పళ్లేలు జారవు. నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు. మంటను కప్పి ఆర్పే ఫైర్ బ్లాంకెట్ ఎక్కడుందో చేరిన రోజే చేతితో తాకి చూసుకోండి.

రేవులో చాండ్లర్, అంటే ఓడలకు సరుకు సరఫరా చేసే వ్యాపారి, సరుకు తెచ్చినప్పుడు తొందరపడి సంతకానికి ఒప్పుకోవద్దని చీఫ్ కుక్‌కు మీరే గుర్తు చేయవచ్చు. గుడ్ల అట్టలు తెరిచి చూడాలి, ఆకుకూరల కట్టలను లోపలిదాకా విప్పాలి. మాంసం, చేప ముందుగా మైనస్ 18 డిగ్రీల గదుల్లోకి వెళ్లాలి. కూరగాయల గది 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అట్టపెట్టెల్లో బొద్దింకలు వస్తాయి కాబట్టి వాటిని లోపలికి రానీయకుండా బయటే ఖాళీ చేయడం మేలు. ఆకుకూరలు, టమాటాలు మొదటి వారాల్లోనే వాడేసి, క్యాబేజీ, క్యారెట్, బంగాళదుంపలను చివరికి మిగుల్చుకోవాలి. చల్లటి గదిలోకి ఒంటరిగా వెళ్లేటప్పుడు ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లండి. తలుపు లోపలి నుంచి తెరుచుకుంటోందో లేదో, అలారం మీట పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ పరీక్షించండి.

చెత్త విషయంలో కొత్తవాళ్లు ఇరుక్కునే అవకాశం ఎక్కువ. ఓడల వల్ల సముద్రం కలుషితం కాకుండా చూసే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్; దాని ఐదో అనుబంధం ప్రకారం ప్లాస్టిక్‌ను, వాడిన వంట నూనెను సముద్రంలో ఎక్కడా వేయకూడదు. సాధారణ జలాల్లో, ఓడ సాగుతుండగా, 25 మిల్లీమీటర్ల రంధ్రాలున్న జల్లెడ గుండా పోయేంతగా నలిపిన తిండి వ్యర్థాన్ని తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక, నలపనిదాన్ని 12 మైళ్లు దాటాక వదలవచ్చు. మధ్యధరా, బాల్టిక్ వంటి ప్రత్యేక ప్రాంతాల్లో నలిపినదైనా 12 మైళ్లు దాటవలసిందే. ఎక్కడున్నామో మీ అంతట మీరు ఊహించకుండా, ప్రతిసారీ బ్రిడ్జికి ఫోన్ చేసి అనుమతి తీసుకున్న తర్వాతే బకెట్ ఎత్తండి. వేసిన సమయం, పరిమాణం ఒక చీటీ మీద రాసి గార్బేజ్ రికార్డ్ బుక్ చూసే అధికారికి అదే రోజు ఇవ్వండి. రేవులో తనిఖీకి వచ్చినవారు ఆ పుస్తకంలో ఉన్నదాన్ని గ్యాలీలో ఉన్న డబ్బాలతో సరిపోల్చి చూస్తారు.