ఇటలీ ప్రయాణంలో వచ్చే చిక్కులు, వాటిని విప్పుకునే దారులు

అమ్మానాన్నలతో కలిసి రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ తిరిగొచ్చాను. అక్కడ మేం పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ముందే తెలిసుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేవి. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి ఆ టెన్షన్ ఉండకూడదని ఇది రాస్తున్నాను. రైళ్ల గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే తికమక ఎక్కువగా స్టేషన్లలోనే.

సమస్య: స్టేషన్ బోర్డు మీద మనం వెళ్లాల్సిన ఊరు కనిపించదు

రోమ్‌లోని టెర్మినీ స్టేషన్లో నాన్న టికెట్ పట్టుకుని పది నిమిషాలు బోర్డంతా వెతికారు. ఫ్లోరెన్స్ అన్న పేరే లేదు. దీనికి కారణాలు రెండు. బోర్డు మీద ఊళ్ల పేర్లు ఇటాలియన్లో ఉంటాయి: ఫ్లోరెన్స్ అంటే ఫిరెంజె, వెనిస్ అంటే వెనెజియా, నేపుల్స్ అంటే నాపోలి. రెండోది, అసలైన చిక్కు: రైలు ఆఖరున ఎక్కడికి చేరుతుందో ఆ ఊరి పేరే పెద్దగా వేస్తారు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్లే రైలు మీద మిలానో అనో వెనెజియా అనో ఉండొచ్చు.

అందుకే ఊరి పేరు వదిలేసి టికెట్ మీదున్న రైలు నంబరు, బయలుదేరే టైము చూసుకోండి. బోర్డు మీద 'పార్తెన్జె' అని ఉంటే బయలుదేరే రైళ్లు, 'అర్రీవి' అంటే వచ్చేవి. 'బినారియో' అంటే ప్లాట్‌ఫాం, 'రితార్దో' అంటే ఆలస్యం. పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాం నంబరు చాలాసార్లు ఆఖరి నిమిషాల్లో గానీ పడదు. కంగారుపడి ఏదో ఒక ప్లాట్‌ఫాం మీదికి వెళ్లిపోకుండా బోర్డు కనిపించే చోటే సామానుతో నిలబడండి.

సమస్య: టికెట్ ఉన్నా రైల్లో ఫైన్ వేశారు

మా ఎదురు సీట్లో కూర్చున్న జంటకి ఇదే జరిగింది. డబ్బు పెట్టి కొన్న టికెట్ చేతిలో ఉండగా ఫైన్ కట్టాల్సి వస్తే ఎంత బాధో వాళ్ల ముఖాల్లో చూశాను. దగ్గరి ఊళ్లకి తిరిగే రీజనల్ రైళ్ల కాగితం టికెట్‌కి ఫలానా రైలు, ఫలానా సీటు అని ఉండదు. ఎక్కేముందు దాని మీద ముద్ర పడాలి, లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. ప్లాట్‌ఫాం దగ్గర చిన్న మెషీన్లు ఉంటాయి. టికెట్ అంచు లోపలికి తోస్తే టక్కున శబ్దం వచ్చి తేదీ, టైము పడతాయి. పడ్డాయో లేదో కళ్లతో చూసుకోండి. మెషీన్ పనిచేయకపోతే, రైలెక్కగానే టికెట్ కలెక్టర్‌ని మీరే వెతుక్కుని వెళ్లి చెప్పండి, ఆయన వచ్చేదాకా ఆగొద్దు. ఫోన్లో కొన్న రీజనల్ టికెట్‌కైతే ఎక్కేముందు ఆన్‌లైన్లో చెక్-ఇన్ చేయాలి. సీటు నంబరుతో వచ్చే హైస్పీడ్ రైళ్ల టికెట్లకి ఈ గొడవ లేదు.

సమస్య: వెనిస్‌లో దిగాం, కాలువలు లేవు

మీరు దిగింది మెస్త్రే, అంటే నేల మీదున్న వెనిస్. కాలువల ఊరికి వెనెజియా సాంతా లూచియా స్టేషన్లో దిగాలి. ఇంకో రైలెక్కితే పది నిమిషాలు.

సమస్య: ఆ రోజు రైళ్లే లేవు

'షోపెరో' అని కనిపిస్తే సమ్మె. ఇటలీలో ఇది మామూలే, కాకపోతే తేదీలు ముందే ప్రకటిస్తారు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి చూసుకోండి. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ముఖ్యమైన రీజనల్ రైళ్లు నడపాలన్న నియమం ఉంది. ఆ వేళల్లో కదలండి.

సమస్య: శాకాహారులకి ఏం తినాలో తెలియదు

అమ్మ పెపెరోనీ అన్న మాట చూసి మాంసమనుకుని ఆ పిజ్జా వద్దంది. ఇటలీలో పెపెరోనీ అంటే క్యాప్సికం! మారినారా అంటే సముద్రం గుర్తొస్తుంది గానీ, ఆ పిజ్జా మీద ఉండేది టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. చీజ్ కూడా ఉండదు. ఇంకో సంగతి: పార్మిజానో చీజ్ తయారీకి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ (పాలని గడ్డకట్టించే పదార్థం) వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు పాస్తా మీద అది చల్లొద్దని ముందే చెప్పాలి. 'సెంజా కార్నె, సెంజా పెషె' అంటే మాంసం, చేప లేకుండా అని. సూప్ అడిగేటప్పుడు నీళ్లు మాంసం ఉడికించినవి కాదు కదా అని కూడా అడగండి. కారం లేకపోతే ముద్ద దిగనివాళ్లకి పెన్నె అరబ్బియాతా అనే పాస్తా ఉంది, ఎండుమిర్చి ఘాటు తగులుతుంది.

బిల్లులో 'కోపెర్తో' అని మనిషికింత వేస్తే మోసం కాదు, టేబుల్ దగ్గర కూర్చున్నందుకు తీసుకునేది. మెనూలో ముందే రాసి ఉంటుంది.

సమస్య: మంచినీళ్ల సీసాలకే బోలెడు ఖర్చు

రోమ్ వీధుల్లో ముక్కులాంటి గొట్టంతో ఇనుప కుళాయిలు నిరంతరం పారుతుంటాయి. ఆ నీళ్లు తాగేవే. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఖాళీ సీసా వెంట ఉంచుకోండి.

సమస్య: పాస్‌పోర్టు పోయింది

రద్దీ బస్సుల్లో, మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. పోయిందని తెలియగానే పోలీసు దగ్గర 'దెనుంచా', అంటే ఫిర్యాదు, రాయించి కాపీ తీసుకోండి. ఆ తర్వాత రోమ్‌లోని భారత రాయబార కార్యాలయానికో, మిలాన్‌లోని కాన్సులేట్‌కో వెళ్లాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్సులు, రెండు ఫోటోలు వేరే బ్యాగులో ఉంటే పని తొందరగా అవుతుంది. అమ్మ బయలుదేరేముందే లోపలి లంగాకి జిప్పు జేబు కుట్టించుకుంది. మా ముగ్గురి పాస్‌పోర్టులూ ప్రయాణమంతా అందులోనే ఉన్నాయి.