మాలిక్యులర్ డైనమిక్స్ సిమ్యులేషన్లకు కంప్యూటర్‌ను ఎలా ఎంచుకోవాలి?

నీటిలో ఉన్న ప్రోటీన్ ఎలా కదులుతుందో, మందు అణువు దానిలో ఎక్కడ కుదురుకుంటుందో చూడడానికి చేసే మాలిక్యులర్ డైనమిక్స్ సిమ్యులేషన్‌లో కంప్యూటర్ చేసే పని ప్రధానంగా ఒక్కటే: ప్రతి పరమాణువు మీద పడే బలాన్ని లెక్కకట్టడం, దానిని రవ్వంత జరపడం, మళ్లీ బలాన్ని లెక్కకట్టడం. ఒక్కో అడుగు సాధారణంగా 2 ఫెమ్టోసెకన్లు (ఒక మైక్రోసెకనులో 100 కోట్ల ఫెమ్టోసెకన్లు ఉంటాయి). కాబట్టి ఒక మైక్రోసెకను కదలికను చూడాలంటే ఈ లెక్కను 50 కోట్ల సార్లు చేయాలి. ఈ పని రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి, రాత్రీ పగలూ ఆగకుండా సాగుతుంది. కంప్యూటర్‌లో ఏ భాగాన్ని కొంటున్నా ఈ సంగతిని మరిచిపోకూడదు.

1. దుకాణానికి వెళ్లే ముందు రెండు విషయాలు రాసుకోండి

మొదటిది, మీరు వాడబోయే ప్రోగ్రామ్. ఈ సిమ్యులేషన్లకు ఎక్కువగా వాడే ప్రోగ్రామ్‌లలో యాంబర్, గ్రోమాక్స్ రెండు. యాంబర్‌లోని గ్రాఫిక్స్ కార్డు వెర్షన్ దాదాపు మొత్తం లెక్కను కార్డు మీదే చేస్తుంది కనుక దానికి ప్రాసెసర్ మామూలుదైనా చాలు. గ్రోమాక్స్ మాత్రం పనిని కార్డుకూ ప్రాసెసర్‌కూ పంచుతుంది. 2020 వెర్షన్ నుంచి పరమాణువులను జరిపే పనిని కూడా కార్డుకు అప్పగించే వీలు వచ్చినా, మంచి ప్రాసెసర్ ఉంటే అది ఇంకా వేగంగా నడుస్తుంది.

రెండవది, మీ వ్యవస్థలో, అంటే సిమ్యులేషన్‌లో పెట్టే ప్రోటీన్, నీరు వగైరా అన్నిటిలో కలిపి ఉండబోయే పరమాణువుల సంఖ్య. కొత్తగా నేర్చుకునేవారు తరచుగా మొదలుపెట్టే కోడిగుడ్డు లైసోజైమ్‌లో 129 అమైనో ఆమ్లాలు, హైడ్రోజన్లతో కలిపి దాదాపు 1,960 పరమాణువులు మాత్రమే ఉంటాయి. దానిని నీటి పెట్టెలో పెట్టగానే ఆ సంఖ్య 30 వేలు దాటుతుంది. అంటే లెక్కలో అధిక భాగం నీటికే పోతుంది. కణపొరలో ఇమిడిన ప్రోటీన్ అయితే లక్ష దాటడం మామూలే.

ఇక్కడే ఒక హెచ్చరిక. అణువులలోని ఎలక్ట్రాన్ల స్థాయిలో లెక్కకట్టే గాసియన్, ఆర్కా వంటి క్వాంటమ్ కెమిస్ట్రీ ప్రోగ్రామ్‌లు మీ ముఖ్యమైన పని అయితే ఈ వ్యాసంలోని సలహాలు వర్తించవు. వాటికి ఎక్కువ కోర్లు, ఎక్కువ ర్యామ్, వేగవంతమైన డిస్క్ కావాలి. ఈ రెండు అవసరాలనూ కలగలిపి కొన్న యంత్రం రెండింటికీ సరిగా పనికిరాకపోవడం నేను చూశాను.

2. డబ్బులో పెద్ద వాటాను గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించండి

నా అభిప్రాయంలో మొత్తం ఖర్చులో సుమారు సగం కార్డుకే పోవచ్చు, అందులో తప్పులేదు. అయితే అత్యంత ఖరీదైన కార్డే కావాలన్న నియమం లేదు. డేటా సెంటర్ల కోసం తయారుచేసే కొన్ని కార్డుల ధర అంత ఎక్కువగా ఉండడానికి ఒక కారణం, అవి 15 అంకెలకు పైగా కచ్చితత్వంతో చేసే డబుల్ ప్రెసిషన్ లెక్కలలో బలంగా ఉండడం. ఆటల కోసం అమ్మే ఆర్‌టీఎక్స్ 3060, 4090 వంటి కార్డులలో ఆ వేగం సింగిల్ ప్రెసిషన్ (సుమారు 7 అంకెల కచ్చితత్వం) వేగంలో 64వ వంతు మాత్రమే. కానీ గ్రోమాక్స్, యాంబర్ బలాల లెక్కలో చాలా భాగాన్ని సింగిల్ ప్రెసిషన్‌లోనే చేసి, కచ్చితత్వం తప్పనిసరైన చోట మాత్రమే ఎక్కువ అంకెలు వాడతాయి. అందువల్ల ఆటల కార్డు ఈ పనికి నిజంగానే సరిపోతుంది.

కార్డులోని మెమరీ గురించి కూడా అనవసరంగా కంగారు పడవద్దు. లక్ష పరమాణువుల వ్యవస్థకు 8 జీబీ చాలు. అదే కార్డు మీద డీప్ లెర్నింగ్ నమూనాలను కూడా నడిపే ఆలోచన ఉంటేనే 16 లేదా 24 జీబీ వైపు వెళ్లండి. కంపెనీల విషయంలో, ఏఎమ్‌డీ కార్డుల మీదా గ్రోమాక్స్ నడుస్తుంది గానీ, తొలిసారి కొనేవారికి ఎన్విడియా కార్డుతో ఇన్‌స్టాలేషన్ ఇబ్బందులు తక్కువ.

రెండు కార్డులు పెడితే ఒకే సిమ్యులేషన్ రెట్టింపు వేగంతో నడుస్తుందని ఆశించవద్దు. మధ్యస్థ పరిమాణపు వ్యవస్థలలో కార్డులు పరస్పరం సమాచారం పంపుకోవడానికే ఎంతో సమయం పోతుంది. వేర్వేరు ప్రారంభ వేగాలతో ఒక్కో కార్డు మీద ఒక్కో సిమ్యులేషన్ నడపడం మేలు. ఒక్క పరుగు మీద ఆధారపడి చెప్పిన ఫలితం కంటే మూడు స్వతంత్ర పరుగులు ఏకీభవించిన ఫలితమే నమ్మదగినది కనుక, ఇది విజ్ఞాన దృష్టితో చూసినా సరైన పద్ధతి.

3. మిగతా భాగాలు

గ్రోమాక్స్‌కు కార్డు ఒక్కింటికి 8 నుంచి 16 కోర్లున్న, క్లాక్ వేగం ఎక్కువగా ఉన్న ప్రాసెసర్ చాలు. ర్యామ్ 32 జీబీ తీసుకోండి. ఒకే పెద్ద స్టిక్ కాకుండా 16 జీబీవి రెండు వేయించండి.

డిస్క్ పరిమాణాన్ని మాత్రం లెక్కకట్టే నిర్ణయించండి. ఒక్కో పరమాణువు స్థానానికి 12 బైట్లు అనుకుంటే, లక్ష పరమాణువుల చిత్రం, అంటే ఒక క్షణంలో వాటి స్థానాల నమోదు, ఒక్కటి 1.2 ఎంబీ అవుతుంది. ఒక మైక్రోసెకనులో ప్రతి 100 పికోసెకన్లకూ (ఒక పికోసెకను 1,000 ఫెమ్టోసెకన్లు) ఒక చిత్రం దాచుకుంటే 10 వేల చిత్రాలకు 12 జీబీ. ప్రతి 10 పికోసెకన్లకూ దాచుకుంటే 120 జీబీ. గ్రోమాక్స్ కుదించిన ఫైలు ఇందులో సుమారు మూడో వంతు ఉంటుంది. పని చేసుకోవడానికి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, పాత ఫలితాలను భద్రపరచడానికి విడిగా ఒక పెద్ద హార్డ్ డిస్క్ ఉంచుకోండి.

4. కరెంటు, వేడి

చాలామంది డబ్బు మిగుల్చుకోవాలని చూసేది ఇక్కడే, తర్వాత బాధపడేదీ ఇక్కడే. ఆర్‌టీఎక్స్ 3060 గరిష్ఠంగా 170 వాట్లు తీసుకుంటే 4090 ఏకంగా 450 వాట్లు తీసుకుంటుంది. ఈ రెండో దానికి కనీసం 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) కావాలి. ఆట ఆడేవారి కార్డు సాయంత్రం రెండు గంటలు వేడెక్కుతుంది, మీది నెలంతా వేడిగానే ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పెడితే కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కనుక ముందు భాగం జాలీగా ఉండి గాలి ధారాళంగా ఆడే క్యాబినెట్ తీసుకోండి, నెలకోసారి దుమ్ము దులపండి. ఇదే కారణంగా ల్యాప్‌టాప్‌ను నేర్చుకోవడానికే వాడండి.

యూపీఎస్ కొనేటప్పుడు దానిపై రాసే వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకెను వాట్లుగా పొరబడవద్దు. 1000 వీఏ అని రాసి ఉన్న చిన్న యూపీఎస్ తరచుగా 600 వాట్లే ఇవ్వగలదు. గ్రోమాక్స్ మామూలుగా 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ (ఆగిన చోటి నుంచి కొనసాగడానికి పనికొచ్చే ఫైలు) రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా పెద్దగా లెక్క పోదు; కానీ అర్ధరాత్రి ఆగిన యంత్రం ఉదయం దాకా ఊరికే పడి ఉంటుంది. కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యేలా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) అమర్చి, చెక్‌పాయింట్ నుంచి కొనసాగించే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి.

5. కొనే ముందు, కొన్న తర్వాత

మీ సొంత వ్యవస్థను తెలిసినవారి యంత్రం మీద, లేదా ఇంటర్నెట్ ద్వారా గూగుల్ కంప్యూటర్లను వాడుకోనిచ్చే గూగుల్ కొలాబ్‌లో కొద్దిసేపు నడిపి, లాగ్ ఫైలు చివరన రోజుకు ఎన్ని నానోసెకన్లు వస్తున్నాయో చూడండి. మీకు కావలసిన మొత్తం నానోసెకన్లను ఆ అంకెతో భాగిస్తే ఎన్ని రోజులు పడుతుందో తేలిపోతుంది. ఏడాదికి రెండు మూడు సిమ్యులేషన్లే అవసరమైతే కొనడం కన్నా, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వంటి సూపర్‌కంప్యూటర్‌పై సమయం దొరుకుతుందేమో మీ గైడ్‌ను అడగడం మంచిది.

యంత్రం ఇంటికి వచ్చాక, దుకాణంవారు మార్చి ఇచ్చే గడువు ముగిసేలోగా 48 గంటల పాటు ఒక సిమ్యులేషన్‌ను ఆపకుండా నడపండి. మొదటి గంటలో వచ్చిన వేగాన్నీ చివరి గంటలో వచ్చిన వేగాన్నీ పోల్చండి. తేడా స్పష్టంగా కనిపిస్తే ముందు ఫ్యాన్ల అమరికను సరిచేయించండి, అప్పటికీ తగ్గకపోతే కార్డును మార్చి ఇవ్వమని అడగండి.