టెక్సాస్‌లో స్కూలుకు ‘ఏ’ ఎలా వస్తుంది? స్టార్ మార్కులు, డిస్ట్రిక్ట్ రిపోర్టులు చదివే పద్ధతి

ఫ్రిస్కోలోనో కేటీలోనో ఇల్లు కొనబోయే తెలుగువాళ్లు ముందు వెతికేది స్కూలు రేటింగే. రియల్ ఎస్టేట్ సైట్లలో పదికి ఎనిమిది, పదికి తొమ్మిది అని కనిపించే అంకెను ప్రైవేటు సంస్థలు వేస్తాయి, దానికీ ప్రభుత్వానికీ సంబంధం లేదు. రాష్ట్ర విద్యాశాఖ అయిన టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ (టీఈఏ) ప్రతి ప్రభుత్వ స్కూలుకూ, ఒక ప్రాంతంలోని స్కూళ్లను కలిపి నడిపే ప్రతి స్కూల్ డిస్ట్రిక్టుకూ ఏ నుంచి ఎఫ్ వరకు ఒక అక్షరం ఇస్తుంది. అది టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్‌లో ఉంటుంది. అక్షరం చూసి ఆగిపోతే మాత్రం పెద్దగా ఏమీ తెలియదు. దాని కింద ఉన్న అంకెల్లోకి వెళ్లాలి.

ముందు మీ పిల్లల మార్కులతో మొదలుపెట్టండి. రాష్ట్రమంతటా పెట్టే స్టార్ పరీక్ష మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా రీడింగ్, లెక్కల్లో ఉంటుంది. సైన్స్ ఐదు, ఎనిమిది తరగతుల్లో, సోషల్ ఎనిమిదిలో. హైస్కూల్లో ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర కోర్సులకు చివర్లో పెడతారు. ఫలితం కింది నుంచి పైకి నాలుగు మెట్లలో వస్తుంది: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాసే, కానీ మన 35 మార్కుల పాసులాంటిది. పై తరగతిలో నెగ్గుకు రావాలంటే ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాల్సి ఉంటుంది. తరగతి స్థాయికి సరిగ్గా తూగుతున్నారని చెప్పేది మీట్స్. డిడ్ నాట్ మీట్ వస్తే ఆ సబ్జెక్టులో కనీసం 15 గంటలు, బాగా వెనకబడితే 30 గంటలు అదనంగా బోధించాలని 2023 నాటి చట్టం చెబుతోంది. స్కూలు దానంతటదే మొదలుపెట్టకపోతే అడగడానికి మీకు హక్కుంది.

ఫలితాలు టెక్సాస్‌అసెస్‌మెంట్ డాట్ గవ్‌లో వస్తాయి. స్కూలు ఇచ్చిన యాక్సెస్ కోడ్, పుట్టినతేదీ కొడితే తెరుచుకుంటుంది. మొత్తం స్కోరు చూసి మూసేయకండి. ఏ ప్రశ్న తప్పింది, పిల్లలు రాసిన వ్యాసం ఏమిటి, దానికి ఎన్ని మార్కులు పడ్డాయి, అన్నీ అందులో కనిపిస్తాయి. ఎక్కువమంది దెబ్బతినేది ఆ వ్యాసంలోనే. పాఠంలోంచి ఆధారం తీసుకుని విషయాన్ని నడిపించినందుకు కొన్ని మార్కులు, స్పెల్లింగు, వ్యాకరణానికి కొన్ని ఉంటాయి. మొదటి భాగంలో సున్నా పడితే రెండోది కూడా సున్నాయే. ఒక్క అక్షరదోషం లేకుండా రాసినా, చదివిన పాఠాన్ని ముట్టుకోకుండా సొంత అభిప్రాయం రాస్తే జరిగేది ఇదే. దిద్దడంలో పొరపాటుందని అనిపిస్తే డిస్ట్రిక్ట్ ద్వారా మళ్లీ దిద్దించమని కోరవచ్చు.

ఇక స్కూలు లెక్క. ఒక ప్రాథమిక పాఠశాలలో అప్రోచెస్ 90, మీట్స్ 65, మాస్టర్స్ 40 శాతం అని ఉందనుకుందాం. కూడితే వంద దాటుతుందేమిటి అని చాలామంది తికమకపడతారు. ప్రతి శాతమూ ‘ఆ మెట్టు, ఆపై’ అన్న లెక్క. అంటే మాస్టర్స్ 40, మీట్స్ దగ్గర ఆగినవాళ్లు 25, అప్రోచెస్ దగ్గర ఆగినవాళ్లు 25, తప్పినవాళ్లు 10. మూడు శాతాలు కూడి మూడుతో భాగిస్తే 65. ఈ 65ను టీఈఏ పట్టికలో చూసి వందకు ఇన్ని అని మారుస్తారు. ప్రాథమిక, మిడిల్, హైస్కూళ్లకు పట్టికలు వేరు. మార్చాక 90, ఆపైన వస్తే ఏ, 80 నుంచి 89 వరకు బీ. కాబట్టి 65 చూసి డీ అనుకోకండి. ఈ సూత్రంలో ఒక కిటుకుంది: ఒక పిల్లవాణ్ని తప్పిన స్థాయి నుంచి అప్రోచెస్‌కు తెచ్చినా, మరొకణ్ని మీట్స్ నుంచి మాస్టర్స్‌కు తెచ్చినా స్కూలుకు దక్కేది ఒకటే.

స్కూలుకు ఇచ్చే అక్షరం మూడు విభాగాల మీద ఆధారపడుతుంది. పైన చెప్పింది మొదటి విభాగం, స్టూడెంట్ అచీవ్‌మెంట్. రెండోది స్కూల్ ప్రోగ్రెస్, ప్రధానంగా నిరుటితో పోలిస్తే పిల్లలు ఎంత ఎదిగారన్నది. ఈ రెండింటిలో ఏది మెరుగైతే అది 70 శాతం. వివిధ వర్గాల పిల్లల మధ్య తేడాలు చూసే క్లోజింగ్ ద గ్యాప్స్ మిగతా 30 శాతం. కాబట్టి ఒకే ‘ఏ’ వచ్చిన రెండు స్కూళ్లలో ఒకటి మార్కులతో, మరొకటి ఎదుగుదలతో తెచ్చుకుని ఉండవచ్చు. ఇంట్లోనే బాగా చదివించుకునే కుటుంబాలు ఎక్కువున్న చోట మొదటి విభాగం సహజంగానే బాగుంటుంది. స్కూలు పనితనం తెలియాలంటే రెండో విభాగం స్కోరు చూడటమే మేలు.

హైస్కూల్లో మొదటి విభాగంలో స్టార్‌కు 40, కాలేజీకీ ఉద్యోగానికీ సైన్యానికీ సిద్ధంగా ఉన్నారా అన్నదానికి 40, గ్రాడ్యుయేషన్‌కు 20. ఆ రెండో 40లో ‘ఏ’ రావడానికి 2023లో హద్దును 60 శాతం నుంచి ఒక్కసారిగా 88 శాతానికి పెంచారు. అందుకే 2022 అక్షరాన్ని ఆ తర్వాతి వాటితో పోల్చి స్కూలు దిగజారిందనడం సరికాదు.

అసలు సరుకంతా టీఏపీఆర్ అనే వార్షిక రిపోర్టులో ఉంటుంది. టీఈఏ సైట్లో సంవత్సరం, స్కూలు ఎంచుకుంటే పెద్ద పట్టిక వస్తుంది: అడ్డంగా రాష్ట్రం, ప్రాంతం, డిస్ట్రిక్ట్, స్కూలు, ఆపై ఏషియన్, హిస్పానిక్ వంటి వర్గాలు, నిలువుగా తరగతి, సబ్జెక్టు, మూడు మెట్లు. మీ తరగతి వరుసలో మీట్స్ శాతాన్ని పట్టుకుని డిస్ట్రిక్ట్‌తో, రాష్ట్రంతో పోల్చండి. మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి, ఒక్క ఏడాది అంకెను నమ్మలేం. నక్షత్రం గుర్తు కనిపిస్తే పిల్లలు మరీ కొద్దిమంది కావడంతో వివరం దాచారని అర్థం. అడ్డగీత అయితే ఆ వర్గంలో ఎవరూ లేరు. ఈ రిపోర్టు మీద డిస్ట్రిక్ట్ బోర్డు బహిరంగ సభ పెట్టి తీరాలి. వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి ప్రశ్న అడగడానికి మంచి చోటు.

మనవాళ్లకు ప్రత్యేకంగా రెండు సంగతులు. ఉద్యోగం మారి జనవరిలో వేరే డిస్ట్రిక్ట్‌కు వెళితే మీ పిల్లలు స్టార్ రాస్తారు, స్కోరు మీకు వస్తుంది, కానీ కొత్త స్కూలు రేటింగులో కలవదు. అక్టోబరు చివరి శుక్రవారం ఆ స్కూల్లో నమోదైనవాళ్లనే లెక్కిస్తారు. రెండోది, మొదటిసారి చేర్చేటప్పుడు ఇచ్చే ఇంటి భాష ఫారం. ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. అందులో స్థాయి చాలకపోతే ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ అనే మరో పరీక్ష ఏటా రాయాలి. ప్రత్యేక ఇంగ్లిష్ తరగతులు వద్దని సంతకం పెట్టినా టెల్పాస్ తప్పదు. ఫారంలో పొరపాటు పడితే దిద్దుకోవడానికి చేరిన రోజు నుంచి రెండు వారాలే గడువు, అదీ ఆ ఇంగ్లిష్ పరీక్ష పెట్టకముందే. అలాగని అబద్ధం రాయకండి, నిజంగా సాయం కావాల్సిన పిల్లలకు అది దక్కకుండా పోతుంది.

2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ ఉండదు. ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు దాని స్థానంలోకి వస్తాయి. మీకు కావాల్సిన స్కూలు పాత రిపోర్టులు ఇప్పుడే దించి పెట్టుకోండి.