ట్రెక్‌కి ముందు: కాంటూర్ గీతల దగ్గర జాగ్రత్తలు

మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలే కాంటూర్ గీతలు. వాటిని చదివేటప్పుడు లోయనీ కొండ వెన్నునీ తారుమారు చేసుకోవద్దు. గీతల వంపు మొన ఎక్కువ ఎత్తు అంకెల వైపు ఉంటే లోయ, తక్కువ అంకెల వైపు ఉంటే వెన్ను. అలవాటున్నవాళ్లూ ఇక్కడే బోల్తా పడతారు. పొగమంచులో పొరబడితే నేరుగా వాగులోకి దిగిపోతారు.

గీతకీ గీతకీ ఎత్తు తేడా ఎంత, మీటర్లా అడుగులా? మ్యాప్ అంచున చూడండి. 40 మీటర్లను 40 అడుగులనుకుంటే ఎక్కాల్సింది మూడు రెట్లు దాటుతుంది.

గీతల మధ్య ఖాళీని నమ్మకండి. 20 మీటర్ల తేడా ఉన్న మ్యాప్‌లో 15 మీటర్ల నిలువు బండ అసలు కనిపించకపోవచ్చు.

లోపలికి చిన్న గీతలున్న వలయం గుంట, గుట్ట కాదు.

అంకె కోసం లావు గీత వెతకండి, సాధారణంగా ప్రతి ఐదోది.